తీగ లాగిన డొంక

తూర్పు కనుమలలో, చింతపల్లి వైపు నుండి సీలేరు మీదుగా మోతుగూడెమునకు దిగు ఘాట్ రోడ్డున, అడవియు లోయయు ఒకదానినొకటి విడువక నడచు చోట డొంకరాయి జలాశయమును, దాని చెంత 25 మెగావాట్ల విద్యుత్కేంద్రమును కలవు. ఎగువ సీలేరు కేంద్రమునకు 240 మెగావాట్ల శక్తి. దిగువ పొల్లూరు కేంద్రమున 115 మెగావాట్ల యంత్రములు నాలుగు నెలకొల్పబడినవి. డొంకరాయి నుండి కొండల ప్రక్కగా సాగు పవర్ కెనాల్ నీటిని ఈ దిగువ కేంద్రమునకు కొనిపోవును. నీటికి తెలిసిన ఈ వరుస జిల్లాల పటమునకు చాలకాలము తెలియలేదు. 2014 వఱకు ఎగువ సీలేరు విశాఖపట్నము జిల్లాలోను, డొంకరాయి తూర్పు గోదావరిలోను, మోతుగూడెము ఖమ్మములోను ఉండెడివి; ఆ యేట చింతూరు మండలముతోపాటు మోతుగూడెము తూర్పు గోదావరిలో చేరినది; 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా మూడింటిని అప్పుడు ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది. ఊరు కదలలేదు, పటము కదలినది.

ఇట్టి చోట్ల పనివారు గల ఒక సంస్థను ఊహింతము. దాని ఉద్యోగులు మాత్రమే చూడగల లోపలి వెబ్‌సైటు, అనగా ఇంట్రానెట్, ఒకటి కలదు. అందొక పుటలో పటమును, పటముపై ఎఱ్ఱని పిన్నులును ఉండును. ఏ శిబిరము ఎచ్చట, ఏ గిడ్డంగికి దారి యేది, కొత్తగా బదిలీయై వచ్చినవాడు ఎక్కడ దిగవలెను అను ప్రశ్నలకు ఆ పిన్నులే సమాధానము. చూచువారికి ఆ పటము ఆఫీసుదే యని తోచును గాని అది అద్దెకు తెచ్చినది. పటమును అమ్ము సంస్థ భూగోళమునంతటిని 256 చుక్కల పొడవు, అంతే వెడల్పు గల చదరపు పలకలుగా కోసి తన కంప్యూటర్లలో ఉంచుకొనును. మొదటి మెట్టున ప్రపంచమంతయు ఒక్క పలకలో ఇమిడిపోవును, ఒక్కొక్క మెట్టు దిగినకొలది పలకలు నాలుగింతలగును, పదునెనిమిది మెట్లు దిగునప్పటికి అవి 6,871 కోట్లను మించును. మన తెరపై కనిపించు కొద్ది పలకలను మాత్రమే పుట అడిగి తెప్పించుకొనును. అడిగినది ఎవరో గుర్తించి లెక్క వ్రాసికొనుటకు ఎపిఐ కీ అను రహస్యాక్షరముల వరుస ఒకటి ఉండును. పాలవాడి ఖాతా పుస్తకము వంటిదే అది.

అద్దె పెరిగినప్పుడు గదా ఇల్లు మారవలెనను తలంపు పుట్టును! 2018 జూలై వఱకు గూగుల్ పటములను ఒక వెబ్‌సైటు రోజునకు 25,000 మారులు ఉచితముగా చూపగలిగెడిది; ఆ నెలలో వచ్చిన కొత్త ధరలతో ఆ ఉచితము నెలకు 28,000 మారులకు దిగినది. 2024 జూలైలో ఓలా సంస్థ గూగుల్‌ను విడిచి తన సొంత పటములకు మారితిమని ప్రకటించి, ఏటా నూఱు కోట్ల రూపాయల ఖర్చు తప్పినదని చెప్పినది. ఆ తరువాతి నెల మొదటి దినము నుండియే గూగుల్ భారతదేశమునకు ధరలను 70 శాతము వఱకు తగ్గించినది. ఇక కొన్ని మారులు అద్దెదారు కోరకయే ఇల్లు ఖాళీ చేయవలసివచ్చును. షేర్‌పాయింట్ వంటి ఇంట్రానెట్‌లలో బింగ్ పటమునకు ప్రత్యేకముగా ఒక చోటుండగా, మైక్రోసాఫ్ట్ 2024లో బింగ్ మ్యాప్స్ వ్యాపార సేవను అజూర్ మ్యాప్స్‌లో కలుపుచున్నామని చెప్పి, ఉచిత ఖాతాలకు 2025 జూన్ 30ని, డబ్బు చెల్లించు ఖాతాలకు 2028 జూన్ 30ని గడువుగా నిర్ణయించినది.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు పటము మార్చి చూడు అనలేదు. వారి కాలమున ఆ బెడద లేదు. బొమ్మను మార్చుట నిజమునకు సులభమే. ఉక్రెయిన్ దేశీయుడైన వోలోదిమిర్ అగఫోన్‌కిన్ 2011లో వెలువరించిన లీఫ్‌లెట్ వంటి ఉచిత సాధనముతో కట్టిన పుటలో, పలకలు తెచ్చుకొను చిరునామా వ్రాసిన పంక్తి యొక్కటి మార్చినచో క్రొత్త బొమ్మ వచ్చి కూర్చుండును. తీగ లాగుట అంతవఱకే; డొంక కదలుట ఆ పిమ్మట.

ఒక పద్ధతివారు అక్షాంశమును ముందు వ్రాసి రేఖాంశమును వెనుక వ్రాయుదురు, మఱియొక పద్ధతివారు రేఖాంశమునే ముందు వ్రాయుదురు. డొంకరాయి సుమారు 18 డిగ్రీల ఉత్తరాక్షాంశము, 82 డిగ్రీల తూర్పు రేఖాంశముల కడ నున్నది. ఈ రెండంకెలు తారుమారైన మఱుక్షణమున మన జలాశయము స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరమున ఆర్కిటిక్ సముద్రపు మంచులో తేలును. ఈ తప్పు చూచి నవ్వుకొని దిద్దుకొందుము గనుక దీనివలన భయము లేదు. పేరు వలన కలుగు తప్పు అంత బిగ్గరగా పలుకదు. డొంకరాయిని ఆంగ్లలిపిలో ‘వై’ అక్షరముంచి కొందఱు, ఉంచక కొందఱు వ్రాయుదురు. కొత్తూరు, కొత్తపల్లి యను పేర్లు తెలుగునాట లెక్కకు మిక్కిలి. పేరు చెప్పగానే చోటు చూపు విద్య ఒక్కొక్క పటమునకు ఒక్కొక్క విధము; పాత పటము సరిగా చూపిన కొత్తూరును క్రొత్త పటము మైదానములోని మఱియొక కొత్తూరుగా భావించి, వినయముగా, నిస్సంకోచముగా అచ్చట పిన్ను గుచ్చును. జీపు అచ్చటికే పోవును.

నా దృష్టిలో అసలు చిక్కు ఇంకొకటి. గూగుల్‌ను అడిగి తెలిసికొన్న అక్షాంశ రేఖాంశములను ముప్పది దినములకు మించి దాచుకొనరాదని ఆ సంస్థ నిబంధన. అనగా ఇల్లు మారునప్పుడు మంచము, బీరువా యజమానివి, విడిచిపోవలసినదే. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని సమాచారము, పేరు చెప్పి కృతజ్ఞత తెలిపినచో, ఎవరైనను వాడుకొనవచ్చును; కాని దాని పలకలను పంచు కంప్యూటర్లు విరాళముల మీద నడచునవి గనుక పెద్ద ఆఫీసు భారమంతయు వానిపై మోపుట మర్యాద కాదు. పైగా అందు దేశపు సరిహద్దులు మన సర్వే ఆఫ్ ఇండియా గీసినట్లుండవు. ఆ శాఖ పటములకు విరుద్ధమైనవానిని మన దేశమున ప్రచురించుట 1961 నాటి చట్టము ప్రకారము నేరము. హైదరాబాదు బాలానగరులోని జాతీయ దూర సంవేదన కేంద్రము నడపుచున్న, ఇస్రో వారి భువన్ 2009 నుండియు ఉన్నను, ఆఫీసులవారికి అది ఆలస్యముగా గాని జ్ఞప్తికి రాదు.

కావున, ఏ పటమును అద్దెకు తెచ్చినను, చోట్ల జాబితా మాత్రము సంస్థ తన సొంతముగా వ్రాసికొనవలెను. 1802లో మద్రాసు కడ సర్వేయరు లాంబ్టన్ ఉక్కు గొలుసు పఱచి భూమిని కొలిచినాడు. నేడు కాలువ గట్టుపై నిలిచి, చేతిలోని ఫోను ఆకాశమును కనుగొనువఱకు రెండు నిమిషములు ఓపిక పట్టినచో చాలును, ఆ అంకెలకు ఎవరికిని బాకీ లేదు. ఆ అంకెల ప్రక్కన నేనైతే ఇంకొక గడి ఉంచుదును: అచ్చటివారు ఆ చోటును ఏమని పిలుతురో తెలుగులో వ్రాయుటకు. పాత క్యాంపు, కెనాల్ మలుపు, వంతెన దాటిన తరువాతి చింతచెట్టు. కొండలలోనికి పోయి సిగ్నలు తెగకముందు జీపు డ్రైవరు ఫోనులో అడుగునది ఆ గడిలోని మాటనే.