గని ఊళ్ల పెరటిలో కొత్త మొక్క

ఏటా చలి తగ్గుముఖం పట్టే వేళకు రామగుండం, గోదావరిఖని వీధుల్లో మొక్కల బండ్లు కనిపిస్తాయి. సింగరేణి క్వార్టరు ముందు నాలుగు గజాల నేల ఉన్న కార్మికుని చూపు వేప, మునగ, కరివేపల మీద నిలవదు. యాపిల్ మొక్క దగ్గరో, డ్రాగన్ ఫ్రూట్ కొమ్మ దగ్గరో ఆగుతుంది. "ఎండకు తట్టుకుంటుందా?" అని అతడు అడుగుతాడు. తట్టుకుంటుందనే సమాధానమే వస్తుంది. కొత్త మొక్క ఆకర్షణకు వ్యవసాయ శాస్త్రజ్ఞులూ అతీతులు కారు గనుక అతనిని ఆక్షేపించే అర్హత ఎవరికీ లేదు. అయితే అతడు అడిగిన ప్రశ్న అసంపూర్ణమైనది.

ఎండ అనేది ఒకే గుణం కాదు. ఉదాహరణకు, కడియం నర్సరీలో నీడవల కింద పెరిగిన మొక్కకు 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ అలవాటై ఉన్నాయనుకుందాం. అక్కడ గాలి బాష్పపీడన లోటు సుమారు 2.2 కిలోపాస్కల్. మే నెల మధ్యాహ్నం రామగుండంలో 45 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉంటే ఆ లోటు 8 కిలోపాస్కల్ దాటుతుంది. ఉష్ణోగ్రత పెరిగింది పది డిగ్రీలే అయినా ఆకు నుంచి నీటిని లాగే శక్తి మూడున్నర రెట్లకు మించింది. వేళ్లు అంత వేగంగా నీరందించలేకపోతే, మొదట్లో తడి ఉన్నప్పటికీ ఆకు అంచులు మాడతాయి. యజమాని నీరు చాలలేదనుకొని మరో రెండు బకెట్లు పోస్తాడు. గాలి ఆడని మట్టిలో వేరు కుళ్లుతుంది. బొగ్గు ధూళి పేరుకొని నల్లబడిన ఆకు మరింత వేడిని గ్రహిస్తుంది.

డ్రాగన్ ఫ్రూట్ కథ మరింత గమనించదగినది. జెముడు జాతిది గనుక మండుటెండ దానికి ఇష్టమని చాలామంది భావిస్తారు. నిజానికి ఇది మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకొని పాక్షికమైన నీడలో పెరిగే తీగ. కాండంలోని రంధ్రాలను ప్రధానంగా రాత్రివేళ తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుంది. పగలు 30, రాత్రి 20 డిగ్రీల ప్రాంతంలో ఆ పని ఉత్తమంగా సాగుతుంది. గని ప్రాంతంలో మే రాత్రులు తరచు 28 డిగ్రీలకు దిగవు. పగటి ఎండకు కాండం పసుపుబారి కాలినట్లవడం అందరికీ కనిపిస్తుంది. రాత్రి వేడికి ఆహారోత్పత్తి కుంటుపడటం ఎవరికీ కనిపించదు. కావున ఈ తీగకు వేసవిలో నీడవల అలంకారం కాదు, అవసరం.

యాపిల్ విషయంలో చిక్కు వేసవిది మాత్రమే కాదు, చలికాలానిది కూడా. సంప్రదాయ రకాలకు 7 డిగ్రీలకు దిగువన దాదాపు వెయ్యి గంటల చలి అవసరం. హిమాచల్ ప్రదేశ్‌లో హరిమన్ శర్మ రూపొందించిన హెచ్‌.ఆర్‌.ఎం.ఎన్‌.-99 వంటి రకాలకు ఆ అవసరం చాలా తక్కువ. గోదావరికి ఉత్తరాన, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని ధనోరాలో ఒక రైతు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తల సహకారంతో యాపిల్ కాయించాడు. 2020లో ఆ పంట రాష్ట్రమంతటి దృష్టినీ ఆకర్షించింది. ఆ వార్త చదివినవారు మరచిన సంగతి ఒకటుంది. ఆ కొండ ప్రాంతం రాష్ట్రంలో అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. గోదావరిఖనికి ఆ చలి లేదు. జావా ద్వీపంలోని బాటు కొండల్లో చలి లేకున్నా యాపిల్ పండిస్తారు. కోత ముగిశాక ఆకులను చేత్తో దూసివేసి చెట్టు విశ్రాంతిలోకి పోకుండా చేస్తారు. ఆ శ్రమకు సిద్ధపడని పెరటిలో చెట్టు బతకవచ్చు, కాయకపోవచ్చు.

ఇక నిజంగానే తట్టుకునే మొక్క సంగతి. కోనోకార్పస్ సోమాలియా, యెమెన్ తీరాలది. గల్ఫ్ దేశాల ఎడారి వీధులను పచ్చబరచింది. హరితహారం కాలంలో తెలంగాణ రోడ్ల వెంట విరివిగా నాటారు. ఎండ పరీక్షలో అది నూటికి నూరు మార్కులు తెచ్చుకొంది. పిదప పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులనీ, వేళ్లు పైపులలోకి చొరబడతాయనీ ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. పుప్పొడి హాని ఎంతమేరకన్నది ఇంకా చర్చలో ఉంది. కానీ వేల సంఖ్యలో నాటిన తరువాత ఆ చర్చ మొదలు కావడమే అసలు పొరపాటు.

విస్తరణ శాస్త్రవేత్త కొత్త మొక్కను వద్దనవలసిన పని లేదు, అన్నా ఎవరూ వినరు. ఒక్క మొక్కే కొనమనాలి. ఫిబ్రవరిలో కొన్నా వెంటనే నేలలో నాటక, తూర్పు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, తొలకరి పడిన తరువాత నాటమనాలి. నల్ల సంచిని తెల్ల గుడ్డతోనో సున్నంతోనో కప్పించాలి. ఎండ తగిలే వైపు మట్టి గాలికన్నా వేడెక్కి లేత వేళ్లను చంపుతుంది. రెండు వేసవులు గడిచేవరకు రెండవ మొక్క కొనరాదు. ఈలోగా ఆకు మాడిన తేదీ, ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, పోసిన నీటి బకెట్లు ఒక పాత డైరీలో రాసి ఉంచితే, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి గని ప్రాంతపు పెరటి తోటలపై ఇంతవరకు చేతికందని సమాచారం అలాంటి డైరీల నుంచే అందుతుంది.