ఆపత్కాలమున నిర్దయుడు పనికివచ్చునా?



కఱవు వచ్చినను, వరద వచ్చినను, ఊరిలో కలహము చెలరేగినను, మన రచ్చబండలపై నొక మాట వినబడుచుండును: "ఇట్టి కాలమున మెత్తనివాడు పనికిరాడు, రాతిగుండెవాడు కావలెను." ఆళ్లగడ్డ ప్రాంతమున ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి యీ మాటను పెక్కుసారులు వింటిని. ఇందు సత్యమెంత, భ్రాంతి యెంత యని విచారించుటయే నేటి ప్రసంగోద్దేశము.

మనోవిజ్ఞానులు సైకోపతీ యని పేరిడిన స్వభావ మొకటి కలదు. 1941లో అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ దీనిని విపులముగా వర్ణించెను. పిమ్మట కెనడా పండితుడు రాబర్టు హేర్ దాని లక్షణములను ఇరువదిగా నేర్పఱచెను. తీయని మాట, జంకక బొంకుట, పరుల బాధకు చలింపకుండుట, చేసిన కీడునకు పశ్చాత్తాపము లేకుండుట వానిలో ముఖ్యములు. ఇట్టివారు పిచ్చివారు కారు. వారి బుద్ధి చక్కగనే పనిచేయును. ఎదుటివాని దుఃఖము మాత్రము వారి గుండెకు తగులదు. వీరిలో పలువురికి భయమును తక్కువ గనుక విపత్తులలో వీరి గుణములు అక్కఱకు వచ్చునని వాదించువారు కలరు. 2012లో కెవిన్ డటన్ అను ఆంగ్లేయుడు ఇట్టి గుణముల ప్రయోజనమును గూర్చి గ్రంథమే ప్రకటించెను.

ఈ వాదమున మూడు గుణము లొక్క మూటగా కట్టబడినవి: నిర్భయత, నిబ్బరము, నిర్దయత. మొదటి రెండును ఆపదలో అవసరములే. చేయి వణకు వైద్యుడు శస్త్రము పట్టజాలడు. కాని మూడవది వానిని విడువక యుండునా? ఉండదు. బాంబులను నిర్వీర్యము చేసి శౌర్యపతకము లందిన బ్రిటిషు సైనికులను పరీక్షించిన పరిశోధన యొకటి 1983లో వెలువడెను. కఠినపరీక్షా సమయమున సైతము వారి గుండె తోడివారి గుండెకంటె నెమ్మదిగా కొట్టుకొనెను. పరుల ప్రాణము గాచుటకై తమ ప్రాణ మొడ్డినవారిని నిర్దయులని యెవ్వ రనగలరు?

నిర్దయతకు తోడైన మఱియొక లోపము కలదు. 1957లో డేవిడ్ లిక్కెన్ అను అమెరికా పండితుడు చేసిన పరీక్షలో ఈ స్వభావము గలవారు, తప్పు చేసినప్పుడు తగులు విద్యుదాఘాతమును తప్పించుకొనుట నేర్చుటలో ఇతరులకంటె వెనుకబడిరి. దెబ్బ వారికి పాఠము చెప్పదు. ఆపత్కాల మన్ననో దినదినము మాఱునది. నిన్నటి తప్పును నేడు దిద్దుకొననివాడు దారి చూపజాలడు.

దయ మనస్సునకు మెత్తదనము మాత్రమే కాదు. అది కన్ను కూడ. మన సీమను 1876 మొదలు 1878 వఱకు పీడించిన ధాత కఱవే యిందులకు సాక్షి. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అను దొరను వైస్రాయి లిట్టన్ మద్రాసునకు పంపెను. కఱవుపనులలో మగవాని దినకూలిని ఆతడు ఒక పౌను ధాన్యమునకు, అర్ధణాకు తగ్గించెను. ఆతడు స్వభావముచే క్రూరు డనజాలము. 1874లో బీహారు కఱవున బర్మా బియ్యము తెప్పించి ప్రజలను గాచినవాడే. వ్యయము హెచ్చె నను నింద పడి, యీసారి పిడికిలి బిగించెను. ఆ తిండితో శ్రమచేయువాడు నిలువజాలడని ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము కూలిని మరల పెంచెను. లెక్కకు కానరాని తప్పు బక్కచిక్కిన దేహములను తలచినవానికి కానవచ్చెను. 1871, 1881 జనాభాలెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య ఇంచుమించు నాల్గవవంతు తగ్గెను.

ఇంతకు పదేండ్లు ముందు, 1866 కఱవున, మన పొరుగున నున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి, వేలమంది ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించిరి. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము పంపెను. వాన యెప్పుడు వచ్చునో తెలియని నాడు గాదె తెఱచుటకు ధైర్యము వలదా? తెఱచుట ధైర్యము, ఎవరికై తెఱవవలెనో చూపినది దయ. ఈ రెండు నొక్క హృదయమున నిముడు నని ఆయన చరిత్రయే చాటుచున్నది.

"అయినను, ఆపదలో కఠినకార్యములు చేయక తప్పదు గదా" యని మీరడుగవచ్చును. నిజమే. అందులకే మన పెద్దలు ఆపద్ధర్మమును చెప్పిరి. పండ్రెండేండ్ల యనావృష్టిలో ఆకలిచే చచ్చుచున్న విశ్వామిత్రుడు చండాలుని యింట కుక్కమాంసము దొంగిలించు కథ శాంతిపర్వమున నున్నది. ఆ ముని తాను చేయునది దొంగతన మని యెఱుగును. తపస్సుచే దానిని కడుగుకొందు నని తలచెను. తప్పు తప్పని యెఱిగి, గత్యంతరము లేక చేయుట యొకటి. తప్పన్న యెఱుకయే లేక చేయుట మఱియొకటి. మొదటివాడు ఆపద తీఱగనే ధర్మమునకు మరలును. రెండవవానికి మరలుటకు దారియే తెలియదు. ఆపద తీఱినను వాని యధికారము తీఱదు.

కావున పెద్దలారా, కష్టకాలమున ఊరి బాధ్యత నొకనికి అప్పగించునప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. ఇతడు కోరు త్యాగములో తన పాలెంత? తన తప్పు చూపినవాని మాట వినునా? పని ముగిసిన పిదప లెక్క యొప్పజెప్పి పెత్తనము విడుచునా? మూడింటికిని సరియైన యుత్తరము దొరకనిచో, వాని నిబ్బర మెంతటిదైనను మీకు ఉపకరింపదు, వానికే ఉపకరించును. ఎవరినిగాని యీ శాస్త్రనామముతో నిందింపకుడు. ఆ నిర్ణయము వైద్యులది. నడవడి నెంచుట మాత్రము మన పని. వణకని చేతిని వెదకుడు. కాని ఆ చేతి వెనుక నొప్పి యెఱిగిన హృదయ మున్నదో లేదో చూచి మఱి చేపట్టుడు.