అరుగు మీది సలహా, అప్పు పత్రము

పల్లెలో డబ్బు అవసరము పడినవాడు తిన్నగా బ్యాంకునకు పోవుట అరుదు. ముందుగా పొరుగువాని అరుగు మీద కూర్చుండును. ఎవరివద్ద దొరకును, వడ్డీ ఎంత, నోటు చాలునా, పొలము కాగితములు అడుగుదురా అను ప్రశ్నలకు అక్కడనే జవాబులు వచ్చును. ఈ సలహాలను మేము తక్కువ చేయుట లేదు. ఎవరు నిక్కచ్చిగా వ్యవహరింతురో, ఎవరు తీరిన నోటు తిరిగి ఇచ్చుటకు నెలల తరబడి తిప్పుదురో పొరుగువానికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. అయితే లెక్కలోను, చట్టములోను ఆ మాట పెక్కుసారులు తప్పుచున్నది. పంచాయతీ సభ్యులగు మీ వద్దకు ఇట్టి సలహాకై వచ్చువారు అనేకులు గనుక ఆ తప్పులు ఎచ్చట దొర్లుచున్నవో ఇచ్చట వివరించుచున్నాము.

"మూడు రూపాయల వడ్డీయే గదా" అందురు. నూటికి నెలకు 3 రూపాయలనగా ఏడాదికి 36. అనగా 50,000 రూపాయల అప్పునకు ఏడాదికి 18,000 రూపాయల వడ్డీ. ఏడాది చివర ఆ వడ్డీ కట్టలేని రైతుతో ఋణదాత "పోనిమ్ము, నోటు తిరుగవ్రాసికొందము" అనును. గడువు దొరకినదని ఇరుగుపొరుగులు సంతోషింతురు. కాని ఆ దినమున అసలు 68,000 అయినది. రెండవ ఏడు తిరిగి వ్రాసినప్పుడు 92,480. మూడవ ఏటి చివర బాకీ 1,25,772 రూపాయలు. బారువడ్డీయే అయియుండినచో మూడేండ్లకు కలిపి 1,04,000 మాత్రమే. రెండుమార్లు నోటు తిరుగవ్రాసినందులకు రైతు ఇచ్చుకొన్నది 21 వేల పైచిలుకు. దీనినే చక్రవడ్డీ అందురు. నోటుపై ఆ మాట ఎచ్చటను వ్రాసియుండదు.

దినసరి వసూలు అప్పు ఇంతకంటె మాయ. తెలంగాణ ప్రాంతమున దీనిని గిరిగిరి అందురు. 9,000 చేతికిచ్చి దినమునకు 100 చొప్పున 100 దినములు వసూలు చేయుదురనుకొనుడు. పదివేలకు వేయియే గదా, నూటికి పది అని చిల్లర వర్తకుడు తలచును. కాని ఆ 9,000 నూరు దినములును అతని వద్ద నిలువదు; యాబదవ దినమునకే 5,000 వెనుకకు పోయినవి. సగటున అతని చేతనున్నది 4,500 మాత్రమే. దానిపై 100 దినములకు 1,000 రూపాయలనగా ఏడాదికి నూటికి 80 దగ్గర పడును.

ఇక నోటు సంగతి. "మూడేండ్లు దాటినచో నోటు చెల్లదు" అను మాట ప్రతి ఊరిలోను వినబడును. ఇది సగము నిజము. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి అడిగినప్పుడు చెల్లింపదగిన ప్రామిసరీ నోటుపై దావాకు గడువు వ్రాసిన తేదీనుండి మూడేండ్లే. అయితే ఆ గడువులోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి నోటు వెనుక వ్రాసి ఋణగ్రస్తుడు సంతకము చేసినచో ఆనాటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. దీనివలన భయపడి చెల్లు వ్రాయించుకొనుట మానరాదు. వ్రాయించనిచో కట్టిన సొమ్మునకు ఆధారమే ఉండదు. బాకీ ఎగవేయుటకు దారి చూపవలెనని మా ఉద్దేశము కాదు. కట్టినది కట్టినట్లు కాగితముపై ఉండవలెను.

ఖాళీ నోటుపై సంతకము మాత్రము ఎంతటి ఆప్తునికైనను చేయరాదు. స్టాంపు అంటించిన ఖాళీ కాగితముపై సంతకము చేసి ఇచ్చినచో, ఆ స్టాంపు పరిమితి మేరకు దానిని పూర్తిచేయు అధికారము ఇచ్చినట్లే 1881 నాటి చట్టము భావించును. "మనవాడే, తరువాత వ్రాసికొనును" అని అరుగు మీద చెప్పువారు ఈ సంగతి యెరుగరు. సాక్షి సంతకమునకు, జామీను సంతకమునకు గల భేదమును గూడ తెలియజెప్పుడు. సాక్షి బాకీపడడు. జామీనుదారుడు, ఒప్పందములో వేరుగా వ్రాసికొననిచో, అసలు బాకీదారునితో సమానముగా బాధ్యుడు. పొరుగువాని ముఖము చూచి చేసిన సంతకము తన పొలము మీదికి వచ్చిన కుటుంబములు మన పల్లెలలో లేకపోలేదు.

1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ ఋణ పరిశీలనలో సేద్యగాండ్ర అప్పులందు సహకార సంఘముల వాటా 3.1 శాతము, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతము. నేడు సంగతి వేరు. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల కట్టినవారికి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. పైని చెప్పిన 50,000కు ఇది ఏడాదికి 2,000. 2025 జనవరి 1 నుండి 2 లక్షల వరకు తాకట్టు అడుగరాదు. ఇచ్చటనే మరియొక చెడుసలహా వినబడును: "కట్టకుము, మాఫీ వచ్చును". 2008లో వచ్చినది, 2014లో వచ్చినది, నిజమే. కాని రాని మాఫీకై గడువు దాటనిచ్చినవాడు తప్పక వచ్చెడి 3 శాతమును పోగొట్టుకొనుచున్నాడు. పైగా మరుసటి ఏడు అతనికి క్రొత్త అప్పు పుట్టదు.

ఈ చౌక అప్పు కౌలు రైతుకు చేరకపోవుటయే పెద్ద లోటు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము యజమాని సంతకముతో 11 నెలల ఒప్పందమునకు వీలు కల్పించినది. యజమాని భూమిహక్కునకు దానివలన భంగము లేదు. అయినను సంతకము పెట్టినచో భూమి పోవునను భయమున పెక్కుమంది వెనుదీసిరి. ఈ భయమును పోగొట్టుట ఏ అధికారికంటెను ఊరి పెద్దలకే సులభము. స్త్రీలకు పొదుపు సంఘము ఉండనే ఉన్నది. చిన్న అవసరమునకు ముందు అచ్చట అడుగుమనుడు.

యువకులు ఫోనులో యాప్ ద్వారా తీసికొను అప్పులు వేరు. వడ్డీయు, రుసుములును కలిపిన వార్షిక రేటును తెలుపు పత్రమును ఋణగ్రస్తునకు తెలిసిన భాషలో ముందే ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమము. అది చూపని యాప్‌ను ముట్టరాదు. మోసము జరిగినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అప్పు తీరిన దినముననే నోటు చేతికి తీసికొనవలెను. నోటు కనబడుట లేదని ఋణదాత చెప్పినచో, ఆ నోటు తేదీ, మొత్తము, సొమ్ము పూర్తిగా ముట్టిన సంగతి పేర్కొనుచు రశీదు వ్రాయించి సంతకము తీసికొనుడు. 5,000 రూపాయలు మించిన రశీదుపై రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండవలెను.