గోబర్ గ్యాస్ నుంచి బండి నడిపే గ్యాస్ వరకు

మన నిడమనూరు చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండుతుంది. కోతలయ్యాక పొలంలోనే గడ్డిని కాలబెట్టేవారున్నారు. హాస్టళ్ళలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కుప్పలో కుళ్ళిపోతాయి. ఈ రెండింటిలోనూ ఇంధనం దాగి ఉంది. దానిని ఎలా తీస్తారో, ఎలా శుద్ధి చేస్తారో ఇక్కడ వివరిస్తున్నాము.

గాలి చొరబడని తొట్టిలో పెండ, చెత్త, నీళ్ళు కలిపి ఉంచితే సూక్ష్మజీవులు బయోగ్యాస్ తయారు చేస్తాయి. ఇందులో మీథేన్ సుమారు 55 నుంచి 65 శాతం. మిగిలినది ఎక్కువగా కార్బన్ డై ఆక్సైడ్. కొద్దిగా నీటి ఆవిరి, కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటాయి. కార్బన్ డై ఆక్సైడ్ మండదు, సిలిండర్‌లో చోటు మాత్రం ఆక్రమిస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజన్ భాగాలను తినేస్తుంది. మోతాదు మించితే మనిషి ప్రాణమే తీస్తుంది. అందుకే గ్యాస్ తొట్టిలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని ఎవరూ దిగరాదు.

శుద్ధి చేసే విధానం

మొదట గ్యాసును ఐరన్ ఆక్సైడ్ లేదా యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తొలగిస్తారు. తేమ కూడా తీసివేస్తారు. తర్వాత వాతావరణ పీడనానికి పది రెట్లో, అంతకన్నా ఎక్కువో ఒత్తిడితో మెంబ్రేన్‌లోకి, అంటే పొరలోకి పంపుతారు. ఇది పాలిఇమైడ్ వంటి ప్లాస్టిక్‌తో చేసిన, సేమ్యా వలె సన్నని బోలు గొట్టాల కట్ట. జల్లెడలాగా దీనికి కంటికి కనబడే రంధ్రాలుండవు. కార్బన్ డై ఆక్సైడ్ అణువు చిన్నది, పొరలో త్వరగా కరుగుతుంది. కనుక గొట్టం గోడను దాటి బయటికి పోతుంది. మీథేన్ మాత్రం గొట్టం చివరి వరకు వెళ్ళి చేరుతుంది.

కొంత మీథేన్ కూడా తప్పించుకుంటుంది. అది కార్బన్ డై ఆక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అందువలన రెండు మూడు దశల్లో పొరలను అమర్చి, తప్పించుకున్న గ్యాసును మళ్ళీ వెనక్కి పంపుతారు. చివరికి 95 శాతం పైగా మీథేన్ గల బయోమీథేన్ లభిస్తుంది. దీనిని 200 రెట్లకు పైగా ఒత్తిడితో సిలిండర్లలో నింపి వాహనాలు నడపవచ్చును. ఇలాంటి గ్యాసును చమురు కంపెనీలు కొనేందుకు కేంద్రం 2018 అక్టోబరులో 'సతత్' పథకం ప్రారంభించింది.

మనకేది అవసరం?

హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసిటి సాంకేతికతతో కట్టిన ప్లాంటును 2021 జనవరిలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తాయని చెప్పారు. కరెంటుకైనా, వంట పొయ్యికైనా ఈ పొరలు అవసరం లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ తీసివేస్తే చాలు. కాబట్టి ఒక్క హాస్టల్ వంటశాలకు మామూలు బయోగ్యాస్ తొట్టి సరిపోతుంది. పొరల ఖర్చు పెట్టదగినది పది ఊళ్ళ గడ్డి ఒకచోట చేరినప్పుడే. ఆ గడ్డిని కూడా ముక్కలు చేసి, నానబెట్టి, పెండతో కలపాలి. లేకుంటే త్వరగా కుళ్ళదు.

ఇంజనీరింగ్, వ్యవసాయం చదివిన మన పూర్వ విద్యార్థులైన అన్నలు ఈ లెక్కలు వేసి చూడాలని కోరుతున్నాము. రోజూ ఎంత అన్నం మిగులుతుందో తూచి, రాసిపెట్టే పని మేము చేయగలము. తొట్టి ఎంత పెద్దది కావాలో ఆ లెక్కే చెబుతుంది.