తీరంలో సూది గుచ్చుకొన్నచో...

వశిష్ఠ గోదావరి అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తుంది. నదిలోనూ, మురుగు కాలువలలోనూ మనం పడవేసిన చెత్త కూడా తీరానికే చేరుతుంది. అందులో వాడిన సిరంజీలు మిక్కిలి ప్రమాదకరం. వాటివలన ధనుర్వాతం, హెపటైటిస్ బి సంక్రమించవచ్చును.

సూది గుచ్చుకొన్నచో గాయాన్ని పిండరాదు, నోటితో పీల్చరాదు. సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే వైద్యుని సంప్రదించవలెను. ఎయిడ్స్ నివారణ మందులు అవసరమైనచో 72 గంటలలోపే ప్రారంభించవలెను. పసుపు గుణాలను ఎంతో గౌరవించే నేనే చెబుతున్నాను: ఇక్కడ పసుపు అద్ది ఊరుకొనుట క్షేమం కాదు.

ఆసుపత్రుల వ్యర్థాలకు 1998 నుండి ప్రత్యేక నిబంధనలున్నాయి. మన ఇళ్ళలోని ఇన్సులిన్ సూదుల బాధ్యత మాత్రం మనదే. వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పి విడిగా అందజేయండి. చెప్పులు లేకుండా పిల్లలను ఇసుకలో ఆడనీయకండి.