బండ లాగే ఎద్దులు సరే.. సాలు పట్టే ఎద్దులేవి? అసలు ఈ పోటీల కథేంటి?

జాతర సీజన్ వచ్చిందంటే ఫోన్‌లో ఇవే వీడియోలు. నున్నగా మెరిసే ఒంగోలు గిత్తల జత, వెనకాల పెద్ద రాతి బండ, దుమ్ము, ఈలలు. ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లోనూ పండక్కో, ఊరి దేవుడి తేరుకో బండలాగుడు పెడతారు. ఆ కరపత్రంలో చాలాసార్లు 'సేద్యపు ఎద్దులు' అని ఒక విభాగం కనిపిస్తుంది. మనం పట్టించుకోని ఆ లైన్లోనే అసలు కథ ఉంది.

ముందు రూల్ చూద్దాం. ఇచ్చిన టైమ్‌లో ఏ జత ఎక్కువ అడుగుల దూరం బండను లాగితే దానిదే గెలుపు. విభాగాలు పళ్లను బట్టి పెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు.. ఎద్దుకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా! పాలపళ్లు ఊడి, కింది దవడ ముందుపళ్లు రెండేసి చొప్పున కొత్తగా వస్తాయి. రెండు పళ్లంటే రెండేళ్లు దాటిన గిత్త. ఎనిమిదీ వచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. పోటీల కోసమే మేపిన గిత్తలతో రోజూ పొలం పని చేసే ఎద్దులు తలపడలేవు. అందుకే వాటికి వేరే విభాగం.

ఇక్కడ కొలిచేది బలం. మరి దున్నే పనితనాన్ని కొలిచే పోటీలు లేవా? ఉన్నాయి, కానీ చాలా దూరంలో! ఐర్లాండ్‌లో ఏ కౌంటీ వాళ్లు బాగా దున్నుతారని ఇద్దరు మిత్రుల మధ్య మొదలైన వాదన, 1931 ఫిబ్రవరిలో అథై అనే ఊళ్లో పోటీగా మారింది. అక్కడి జాతీయ దున్నకం సంఘం అలా పుట్టిందే. 1952లో ప్రపంచ సంస్థ ఏర్పడింది, 1953లో కెనడాలో తొలి ప్రపంచ పోటీ జరిగింది. సాలు తిన్నగా ఉందా, లోతు సమానంగా పడిందా, పాత పంట మోళ్లు మట్టిలో కప్పుకుపోయాయా.. జడ్జీలు చూసేది ఇవే. వేగానికి మార్కుల్లేవు, టైమ్ దాటకుండా ఉంటే చాలు.

అనంతపురం ఎర్రనేలల్లో అదే పనితనం పంటనే తేలుస్తుంది. ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వానపడ్డాక పదును ఉండేది కొద్దిరోజులే, ఆలోపే వేరుశనగ విత్తనం పడాలి. గొర్రు సాలు వంకరపోతే తర్వాత గుంటక తోలేటప్పుడు కలుపుతో పాటు మొక్కలూ లేచిపోతాయి.

జ్యేష్ఠ మాసంలో వచ్చే ఏరువాక పున్నమి ఈ పనికి పండగ. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజ చేసి మడక కడతారు. సరిహద్దు దాటితే కన్నడ పల్లెల్లో ఇదే రోజు కారహుణ్ణిమె. అక్కడ ఎద్దుల్ని పరిగెత్తించి, ఏ రంగు ఎద్దు గెలిస్తే ఆ పంట బాగా పండుతుందని నమ్ముతారు.

మరి సేద్యపు ఎద్దులు ఎందుకు తగ్గిపోతున్నాయి? ట్రాక్టర్ వచ్చిందని ఒక్క మాటలో చెప్పేస్తాం. కానీ ఇక్కడ కరువు కూడా ఉంది. ఎద్దుకు మేత వేరుశనగ కట్టె. పంట పోతే కాయతో పాటు మేతా పోతుంది. మేత లేక ఎద్దుల్ని సంతకు తోలిన రైతుకు మళ్లీ జత కొనడం మాటలు కాదు. వాన పడ్డ రోజు ఊరంతా ట్రాక్టర్ కోసమే చూస్తుంది. చిన్న రైతు వంతు వచ్చేసరికి పదును ఆరిపోతే?

కోర్టు సంగతీ చెప్పాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టం సవరించుకుంటే, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. ఆ తీర్పు ఈ మూడు రాష్ట్రాల చట్టాల గురించే. ఎద్దును హింసించకూడదన్న చట్టం మాత్రం అందరికీ ఒకటే. కర్రతో కొట్టి లాగించడాన్ని ఆచారం పేరుతో వెనకేసుకురాలేం.

దున్నే పోటీలో అయితే కొట్టి తోలితే సాలే వంకరపోతుంది. ఏరువాక రోజు అరెకరం చేను, ఒక గొర్రు, సాలు తిన్నగా ఉందో లేదో చూడటానికి ఒక తాడు చాలు. జడ్జీలు కావాలంటే గొర్రు పట్టిన పెద్దోళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు.