రథం ఏ వీధిన వెళ్లాలి?

సోమవారం పొద్దున ఎడిటర్ గారి ఫోన్. "తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడూళ్ల బజార్లూ నడిచి చూడండి. మనిషి నడవడానికి వీలుందా లేదా? గురువారం సాయంత్రానికి కాపీ కావాలి."

టేపు ఒకటి సంచీలో వేసుకుని బయల్దేరాను. కొలతలు రాసుకున్నాను, ఫొటోలు తీసుకున్నాను. అయితే మంగళవారం రాత్రి తెనాలిలో పడుకోబోతూ చదివిన పాత సంగతి ఒకటి నన్ను వదల్లేదు. అది మన జిల్లాది కాదు, ఇందోర్‌ది. నూరేళ్లు దాటింది. ఈ వారం నేను చూసిన ప్రతి వీధినీ దాని వెలుగులోనే చూశాను కాబట్టి ముందు అదే చెబుతాను.

పాట్రిక్ గెడ్డెస్ స్కాట్లండ్‌లో 1854లో పుట్టారు. డండీలో వృక్షశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. పెళ్లయిన కొత్తలో భార్య అన్నాతో కలిసి ఎడిన్‌బరో పాతబస్తీలో, పేదలుండే ఇరుకు వాడలో కాపురం పెట్టారు. గోడలకు సున్నాలు వేయించడం, ఖాళీ జాగాల్లో మొక్కలు నాటించడం అక్కడే మొదలైంది. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలుపు మీద 1914లో మన దేశం వచ్చారు. ఆయన పటాలు, బొమ్మలు వేరే ఓడలో వస్తుంటే జర్మన్ల ఎండెన్ నౌక ఆ ఓడను ముంచేసింది. మద్రాసు మీద గుండ్లు కురిపించింది కూడా ఆ ఎండెనే. స్నేహితులు మళ్లీ పోగుచేసి పంపిన బొమ్మలతోనే 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టారాయన. ఆ ఏడాదే తంజావూరు, మదురై, బళ్లారి వంటి పట్టణాల మీద నివేదికలు రాశారు.

ఇక ఇందోర్. 1917లో ఆయన ఆ ఊరి గల్లీలన్నీ పటం పట్టుకుని కాలినడకన తిరుగుతుంటే జనం వేలెత్తి చూపిస్తూ భయపడేవారు. ఎందుకని ఆరా తీస్తే తెలిసింది: ప్లేగు తెచ్చే ముసలి దొర ఈయనేనని వాళ్ల అనుమానం. ఇలాంటి భయం పోగొట్టకుండా పటాలు గీసి లాభం లేదని గెడ్డెస్‌కు అర్థమైంది. సంస్థానం వారిని ఒకటే కోరారు: ఒక్కరోజు నన్ను మహారాజును చేయండి.

దీపావళి ఊరేగింపు ఈసారి పాత దారిన పోదని చాటింపు వేయించారు. ఏ పేటవాళ్లు ఇళ్లూ వాకిళ్లూ ఎక్కువగా బాగుచేసుకుంటారో ఆ పేటలోంచే పోతుందన్నారు. చెత్త ఉచితంగా ఎత్తిస్తామన్నారు. ఇక చూడండి, ఊరంతా చీపుళ్లు పట్టింది. ఇళ్లలోంచి, దొడ్లలోంచి వేల బండ్ల చెత్త బయటికి వెళ్లింది. ఎలుకలకు నిలవనీడ లేకపోయింది.

ఊరేగింపులో ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి. వాటి వెనక కూలిపోయే కొంపల బొమ్మలు, రోగాల రాక్షసులు, ప్లేగును మోసుకొచ్చే పెద్ద ఎలుక, మలేరియా దోమ. వాటి తర్వాత ఊరు ఊడ్చే మనుషులు. తెల్లని ఉతికిన బట్టలు, మెడలో పూలదండలు, చేతుల్లో కొత్త చీపుళ్లు. ఊరు ఎవరిని చూసి పక్కకు తప్పుకునేదో వాళ్లు ఆ రోజు దండలతో నడివీధిన నడిచారు. ఆ వెనక ఇందోర్ నగరమే ఒక కొత్త దేవతగా రథమెక్కి వచ్చింది. చివర రాక్షసుణ్ణీ ఎలుకనూ తగలబెట్టారు. జనానికి తులసి మొక్కలు పంచారు.

ఆ ఏడాదే గెడ్డెస్ పెద్దకొడుకు అలస్డేర్ ఫ్రాన్సులో యుద్ధంలో చనిపోయాడు. కొద్ది వారాలకే అన్నా లక్నోలో జబ్బుపడి కన్నుమూశారు. కొడుకు పోయాడన్న కబురు ఆమెకు చెప్పకుండానే ఆయన సాగనంపారు. అంత దుఃఖం కడుపులో పెట్టుకున్న మనిషి ఆ పండగ చేయించారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం కన్నా ప్రేమ ఎక్కువ.

తంజావూరు నివేదికలో ఆయన పద్ధతికి పెట్టిన పేరు 'కన్జర్వేటివ్ సర్జరీ'. మన మాటల్లో ఆచితూచి కోయడం. ఇంజనీర్లు నిక్కచ్చిగా గీతలు గీసి ఇళ్ల మధ్యనుంచి రోడ్డు లాగుదామంటే, ఆయన పాడుబడ్డ ఇళ్లు మాత్రం తీయించి, ఆ జాగాలో చెట్టు, చెట్టుకింద నలుగురు కూర్చునే చోటు అన్నారు. ఇప్పుడు 'రోడ్డు విస్తరణ' అన్న మాట ఎక్కడ విన్నా నాకు ముందు సందేహమే కలుగుతుంది. వెడల్పు చేసింది ఎవరికోసం?

నేను నడిచిన మూడూళ్ల చరిత్ర గబగబా: కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కి పూర్తయింది. తెనాలి మునిసిపాలిటీ 1909లో. తొలి ఆంధ్ర మహాసభ బాపట్లలో 1913లో. రేపల్లెకు రైలు 1916లో. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు, ఆ చోటే రణరంగ చౌక్. 2022లో బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అన్నట్టు, గెడ్డెస్ వచ్చివెళ్లిన కాలంలోనే పుట్టిన 1920 మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్‌లో కొనసాగింది.

తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు ఊరి మధ్యలోంచి పోయే మూడు కాలువల వల్లే వచ్చిందంటారు. ఇళ్లు మాత్రం చాలాచోట్ల కాలువకు వీపు పెట్టుకుని ఉంటాయి. గెడ్డెస్ అయితే పని ఆ గట్టు మీదే మొదలుపెట్టేవారనిపించింది. వంతెన పక్కన పూలమ్మే పెద్దామెను అడిగాను, ఇంత రద్దీలో కూర్చుంటే కష్టంగా లేదా అని. "బళ్లు నెమ్మదైతేనే గదమ్మా బేరం. రయ్యిన పోయేవాళ్లు పూలు కొంటారా?" అంది. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ పుస్తకమంతా చెప్పిన విషయం ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

మూడు వీధులు: ఆపిల్‌యార్డ్ బర్క్‌లీలో అర్బన్ డిజైన్ ప్రొఫెసరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే తీరు వీధులు మూడు ఎంచుకున్నారు. రోజుకు 2,000 బళ్లు పోయే వీధిలో సగటున ఒక్కొక్కరికి ముగ్గురు స్నేహితులు. 16,000 బళ్లు పోయేచోట ఒక్కరు కూడా నిండలేదు, 0.9. ఆ పుస్తకం పేరు 'లివబుల్ స్ట్రీట్స్', 1981. మరుసటేడే ఏథెన్స్‌లో కారు ఢీకొని ఆయన పోయారు.

బాపట్లలో రథం బజారు ఉంది. ఆ పేరు వింటేనే నాకు గెడ్డెస్ గుర్తొచ్చారు. దక్షిణాది గుడి ఊళ్లంటే ఆయనకు ప్రాణం. ఆలోచించి చూస్తే, రథం తిరగాలంటే వీధి వెడల్పుండాలి, అరుగులు ముందుకు రాకూడదు, గుంటలు పూడాలి. ఏడాదికోసారి దేవుడు స్వయంగా తనిఖీకి వచ్చినట్టు. మిగతా రోజుల్లో ఆ తనిఖీ ఎవరు చేయాలన్నదే ప్రశ్న.

రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. తెనాలి నుంచి వచ్చిన బండి దిగినవాళ్లంతా ముందు నడవాల్సినవాళ్లే: తలమీద మూట, చంకలో పిల్ల, చేతిలో గొడుగు. స్టేషను బయట చెట్టు నీడ ఎంత ఉందో అంతమేరకే నిలబడ్డారు జనం.

టేపు కొలతకు కొలబద్ద: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డులేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా వీధి ఫుట్‌పాత్ ఆమె ఎక్కలేదు. అందుకని బళ్లతో పాటు రోడ్డు మీదే నడుస్తుంది. ఆ 150 అన్న అంకె చదివినప్పుడు నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. ఇక వీధిలో కూర్చుని అమ్ముకునేవాళ్ల సంగతి: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు ఆడవాళ్లు. తెనాలి పూలామెకు ఈ సంగతి చెప్పాను. "రాసియ్యి తల్లీ," అని కాగితం తీసుకుని పూలబుట్ట అడుగున పెట్టుకుంది.

బుధవారం రాత్రి ఎడిటర్ గారు మళ్లీ ఫోన్ చేసి అడిగారు, ముఖచిత్రానికి డ్రోన్ ఫొటో తీయిద్దామా అని. వద్దన్నాను. పైనుంచి చూస్తే మూడు కాలువలూ అందంగానే ఉంటాయి, మనుషులు మాత్రం చుక్కల్లా ఉంటారు. వంతెన మీద, ఆ పెద్దామె కూర్చున్న ఎత్తులోనే కెమెరా పెట్టి తీయమన్నాను. ఫొటోగ్రాఫర్ పొద్దున ఆరింటికల్లా వెళ్లి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.